డిజిటల్ ల్యాండ్‌స్కేప్ ఫోటోలకు ఫిల్మ్ రూపం: తరచుగా అడిగే ప్రశ్నలు

డిజిటల్ కెమెరాతో తీసిన కొండలు, నదులు, అడవుల ఫోటోలను ఫిల్మ్ మీద తీసినట్టు కనిపించేలా ఎడిట్ చేయడం గురించి అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. అందుకే అన్నిటినీ ఒకచోట పెడుతున్నాను. ప్రశ్నలు పని జరిగే వరుసలో ఉన్నాయి, కానీ ఏ జవాబుకా జవాబు విడిగా చదువుకోవచ్చు. స్లైడర్ల పేర్లు ఎక్కువగా లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌వి వాడాను. క్యాప్చర్ వన్, డార్క్‌టేబుల్, రాథెరపీలలో కూడా ఇవే పనులు చేసుకోవచ్చు, పేర్లే కొంచెం మారతాయి.

## మొదలుపెట్టే ముందు

ఫిల్మ్ లుక్ అంటే అసలేంటి? గ్రెయిన్ (ఫిల్మ్ మీద కనిపించే సన్నటి రవ్వలు) వేసి, నలుపుని కాస్త బూడిద చేస్తే సరిపోదా?

సరిపోదు. ఫిల్మ్ రూపాన్ని తెచ్చేవి ముఖ్యంగా రెండు. మొదటిది, వెలుగు తెలుపులోకి వెళ్ళే తీరు. డిజిటల్ సెన్సర్ మీద ఎంత కాంతి పడితే అంత విలువ నమోదవుతుంది. నిండగానే అక్కడితో ఒక్కసారిగా ఆగిపోతుంది. ఫిల్మ్ అలా కాదు, పైకి వెళ్ళేకొద్దీ మెల్లగా వంగుతుంది. 1890లో హర్టర్, డ్రిఫీల్డ్ అనే ఇద్దరు ఈ వంపును గ్రాఫ్‌గా గీసి చూపించారు. కింద నెమ్మదిగా లేచే భాగాన్ని టో అని, పైన వాలిపోయే భాగాన్ని షోల్డర్ అని ఇప్పటికీ అంటున్నాం.

రెండోది, రంగు చిక్కబడే తీరు. ఫిల్మ్‌లో రంగు చిక్కబడితే ముదురుగా అవుతుంది. ఎడిటర్‌లో సాచురేషన్ (రంగు గాఢత) పెంచితే చాలాసార్లు అదే రంగు మెరుస్తూ కళ్ళలో పడుతుంది. ఈ రెండిటినీ సరిచేస్తే గ్రెయిన్ ఒక్క చుక్క లేకపోయినా ఫోటో ఫిల్మ్‌లా అనిపిస్తుంది. వీటిని వదిలేసి ఎంత గ్రెయిన్ వేసినా అది గ్రెయిన్ ఉన్న డిజిటల్ ఫోటోనే.

ఏ ఫిల్మ్‌ని నమూనాగా పెట్టుకోవాలి?

ముందు స్లైడా, నెగెటివా తేల్చుకోండి. స్లైడ్ మీద ఫోటో అసలు రంగుల్లోనే కనిపిస్తుంది, నెగెటివ్ మీద తిరగేసిన రంగుల్లో ఉంటుంది. స్లైడ్ ఫిల్మ్ కాంట్రాస్ట్ ఎక్కువ, రంగులు గట్టిగా ఉంటాయి, పట్టుకునే వెలుగునీడల వ్యత్యాసం సుమారు 5 స్టాపులే (ఒక్కో స్టాప్ అంటే వెలుగు రెట్టింపు). 1990లో వచ్చిన ఫుజీ వెల్వియా 50 ల్యాండ్‌స్కేప్ వాళ్ళకి ఇష్టమైన ఫిల్మ్ అయింది దాని రంగు వల్లే. ప్రోవియా 100ఎఫ్ అంతకంటే నిదానం. కొడాక్ ఎక్టాక్రోమ్ ఈ100 2018లో మళ్ళీ మార్కెట్లోకి వచ్చింది. అది శుభ్రంగా, కొంచెం చల్లగా ఉంటుంది.

కలర్ నెగెటివ్‌లలో పోర్ట్రా 400 మెత్తగా, ఎక్టార్ 100 గాఢంగా, గోల్డ్ 200 వెచ్చగా ఉంటాయి. నా లెక్క ఇది: మబ్బు పట్టిన పొద్దుల్లో, సూర్యోదయం ముందు, అంటే వెలుగే మెత్తగా ఉన్నప్పుడు వెల్వియా రూపం బాగుంటుంది. మిట్టమధ్యాహ్నం, ఎదురు ఎండలో తీసినవాటికి పోర్ట్రా రూపం నప్పుతుంది. ఎర్రటి ఎండలో తీసిన ఫోటో మీద వెల్వియా రూపం రుద్దితే నీడలన్నీ మసిబొగ్గు అవుతాయి.

ఒకే పోర్ట్రా 400 మీద తీసిన ఫోటోలు ఒక్కో చోట ఒక్కోలా కనిపిస్తున్నాయి. దేన్ని నమ్మాలి?

దేన్నీ పూర్తిగా నమ్మక్కర్లేదు. నెగెటివ్‌లో ఉన్నది నారింజ రంగు పొర వెనక తిరగేసిన రంగులు. దాన్ని మామూలు ఫోటోగా మార్చేటప్పుడు స్కానర్, దాని దగ్గర కూర్చున్న మనిషి, సాఫ్ట్‌వేర్ అన్నీ చెయ్యి కలుపుతాయి. ల్యాబుల్లో ఎక్కువగా ఉండే ఫుజీ ఫ్రాంటియర్, నోరిట్సు స్కానర్లు ఒకే నెగెటివ్‌కి వేర్వేరు రంగులిస్తాయి. అందుకే "పోర్ట్రా రంగు" అని వెతకకుండా, మీకు నచ్చిన స్కాన్లు ఓ పది ఎంచుకుని, ఒకే ల్యాబ్‌వి అయితే ఇంకా మంచిది, వాటినే పక్కన తెరిచి పెట్టుకోండి. స్లైడ్ విషయంలో ఈ చిక్కు తక్కువ. లైట్ టేబుల్ మీద పెట్టి చూస్తే కనిపించేదే అసలు.

డబ్బులిచ్చి ప్రీసెట్లు కొన్నాను. నమూనా ఫోటోల్లో ఉన్నట్టు నా ఫోటోల్లో ఎందుకు రావట్లేదు?

ప్రీసెట్ అంటే ఎవరో తమ ఫోటో మీద జరిపిన స్లైడర్ల విలువలు. వాళ్ళ కెమెరా, వాళ్ళ ఎక్స్‌పోజర్, వాళ్ళ వెలుగుకి సరిపోయినవి. మీ ఫోటో అర స్టాప్ తక్కువగా ఉన్నా, వైట్ బ్యాలెన్స్ పక్కకి ఉన్నా ఫలితం మారిపోతుంది. ప్రీసెట్ వేసే ముందు ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ సరిచేయండి. వేశాక ఎక్స్‌పోజర్‌ని మళ్ళీ ఒకసారి చూడండి. నిజమైన ఫిల్మ్‌తో కొలిచి చేసిన ప్రొఫైల్ లేదా లట్ (రంగులు మార్చే పట్టిక) అయితే ఇంకొంచెం నమ్మకంగా పనిచేస్తుంది, ఎందుకంటే అది ఏ రంగు ఎక్కడికి మారాలో నేరుగా నిర్ణయిస్తుంది. అయినా దానికీ సరైన ఎక్స్‌పోజర్ కావాల్సిందే.

## ఫోటో తీసేటప్పుడు

రా లోనే (సెన్సర్ నమోదు చేసినదాన్ని దాదాపు అలాగే ఉంచే ఫైల్) తీయాలా? జేపెగ్‌తో కుదరదా?

కొంతవరకే కుదురుతుంది. 8-బిట్ జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లు, 14-బిట్ రా ఫైల్లో 16,384. ఆకాశం మీద కర్వ్ (వెలుగునీడల్ని మార్చే గీత) గట్టిగా వంచితే జేపెగ్‌లో చారలు తేలతాయి. ఫోన్‌తో తీసేవాళ్ళకి ఇంకో ఇబ్బంది ఉంది. ఫోన్ ముందే నీడలు ఎత్తి, మబ్బులు దించి, అంచులు పదును చేసి ఇస్తుంది. అలా చదునైన ఫోటోకి ఫిల్మ్ కాంట్రాస్ట్ తిరిగి తేవడం చాలా కష్టం. ఫోన్‌లో రా వీలుంటే అదే వాడండి.

ఫిల్మ్ వాళ్ళు ఒక స్టాప్ ఎక్కువ ఎక్స్‌పోజ్ చేస్తారు కదా, నేనూ అలాగే చేయనా?

వద్దు. ఆ అలవాటు కలర్ నెగెటివ్‌ది. నెగెటివ్‌కి వెలుగు ఎక్కువైనా తట్టుకుంటుంది, తక్కువైతేనే నీడలు బురదలా, గ్రెయిన్‌తో నిండిపోతాయి. డిజిటల్ దీనికి పూర్తిగా తలకిందులు. నీడల్లోంచి చాలా వెనక్కి తెచ్చుకోవచ్చు, కానీ మబ్బు అంచు ఒకసారి పోతే పోయినట్టే. హిస్టోగ్రామ్‌లో (నలుపు నుంచి తెలుపు దాకా వెలుగు పంపకాన్ని చూపే గ్రాఫ్) కుడి అంచు తగలకుండా తీయండి. పోర్ట్రాలో కనిపించే ఆ వెలుతురు ఎడిటింగ్‌లో వస్తుంది.

వైట్ బ్యాలెన్స్ ఆటోలో పెట్టొచ్చా?

పెట్టకండి. రాలో తర్వాత మార్చుకోవచ్చన్నది నిజమే, కానీ ఆటోలో ఉంటే ఒక్కో ఫోటో ఒక్కో రంగులో కనిపించి చూపు దారి తప్పుతుంది. డేలైట్ ఫిల్మ్ అంతా సుమారు 5500 కెల్విన్ వెలుగుకి తయారైంది. నీడలో తీస్తే నీలంగా, సాయంత్రం తీస్తే నారింజగా వచ్చేది, అదే దాని అందం. కెమెరాని 5500 దగ్గర పెట్టి వదిలేయండి. తెల్లవారుజామున మంచు మీద పడే నీలం ఆటో వైట్ బ్యాలెన్స్ దిద్దేసే నీలమే. ఫిల్మ్ దాన్ని ఉంచేది.

ఫిల్టర్లు ఇంకా అవసరమా?

పోలరైజర్ అవసరమే. తడి ఆకుల మీద, నీటి మీద మెరుపుని అది తీసేస్తే కింద ఉన్న అసలు రంగు కనిపిస్తుంది, ఆ పని సాఫ్ట్‌వేర్ చేయలేదు. పైభాగం ముదురుగా ఉండి ఆకాశం వెలుగు తగ్గించే గ్రాడ్యుయేటెడ్ ఎన్‌డీ ఫిల్టర్ బదులు, ఎడిటర్‌లో ఆ భాగాన్నే మార్చే లీనియర్ మాస్క్ సరిపోతుంది, ఆకాశం తెల్లబడిపోకుండా తీసి ఉంటే.

## వెలుగు, కాంట్రాస్ట్

ఎడిటింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రొఫైల్‌తో, అంటే రా ఫైల్‌కి మొదట వేసే రంగు, కాంట్రాస్ట్ సెట్టింగ్‌తో. కెమెరా స్టాండర్డ్, వివిడ్ లాంటి ప్రొఫైళ్ళలో ముందే ఒక కర్వ్, ఎక్కువ సాచురేషన్ ఉంటాయి. దాని మీద ఇంకో కర్వ్ వేస్తే రెండూ కొట్టుకుంటాయి. న్యూట్రల్, ఫ్లాట్ లేదా లీనియర్ ప్రొఫైల్ ఎంచుకోండి. ఫోటో పేలవంగా కనిపిస్తుంది, కంగారు పడొద్దు. తర్వాత ఎక్స్‌పోజర్‌ని మధ్య టోన్లకి సరిచేసి, అప్పుడు కర్వ్ వంచండి. రంగుల జోలికి ఇంకా వెళ్ళొద్దు. కాంట్రాస్ట్ మారితే రంగు కూడా మారుతుంది కాబట్టి ముందు చేసిన రంగు పనంతా వృథా అవుతుంది.

సూర్యుడి చుట్టూ, మబ్బుల అంచుల దగ్గర నా ఫోటో డిజిటల్ అని పట్టిస్తోంది. ఏం చేయాలి?

ఇది కుదిరితే సగం పని అయినట్టే, కాబట్టి ఓపిగ్గా చేయండి. చాలామంది హైలైట్స్ స్లైడర్‌ని మైనస్ 100కి లాగేస్తారు. మబ్బు వెనక్కి వస్తుంది, కానీ బూడిద ముద్దలా. ఫిల్మ్‌లో మబ్బు మబ్బులాగే తెల్లగా ఉంటుంది, తెలుపులోకి వెళ్ళే దారి మాత్రం పొడుగ్గా ఉంటుంది.

హైలైట్స్‌ని మైనస్ 30 దాటనివ్వకుండా, మిగతా పని పాయింట్ కర్వ్‌తో చేయండి. పైన కుడి చివరి చుక్కని 255 నుంచి 248 దాకా దించండి. దాని కింద పావు వంతు దగ్గర ఇంకో చుక్క పెట్టి కొంచెం పైకి నెట్టండి, గీత చివర్లో నెమ్మదిగా వాలిపోవాలి. అదే షోల్డర్. డార్క్‌టేబుల్ వాడేవాళ్ళకి ఫిల్మిక్ ఆర్‌జీబీ, సిగ్మాయిడ్ మాడ్యూళ్ళు ఈ పనికే ఉన్నాయి.

సూర్యుడి చుట్టూ పసుపు వలయం, దాని బయట అసహజమైన సయాన్ కనిపిస్తుంటే అది వేరే జబ్బు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానళ్ళు ఒక్కోటి ఒక్కోచోట నిండిపోవడం వల్ల వస్తుంది. అక్కడ రేడియల్ మాస్క్ వేసి సాచురేషన్ తగ్గిస్తే రంగు మెల్లగా తెలుపులో కలిసిపోతుంది.

నీడలు ఎంత ఎత్తొచ్చు?

వెల్వియా రూపం కావాలంటే దాదాపు ఎత్తకండి. స్లైడ్ మీద తీసినవాళ్ళు నీడ నల్లగానే వస్తుందని తెలిసి, ఆ నలుపుని కూర్పులో ఒక ఆకారంగా వాడుకున్నారు. పోర్ట్రా రూపానికి ప్లస్ 20, 30 దాకా పర్లేదు. రాళ్ళ సందుల్లో కూడా అంతా కనిపించేలా ప్లస్ 100 చేస్తే అది హెచ్‌డీఆర్ రూపం, ఫిల్మ్ కాదు.

నలుపుని తేల్చి మసకగా చేస్తే పాతకాలం ఫిల్మ్‌లా ఉంటుంది కదా?

వెలిసిపోయిన ప్రింట్‌లా ఉంటుంది. కొత్తగా డెవలప్ చేసిన స్లైడ్‌లో నలుపు చాలా లోతుగా ఉంటుంది. కర్వ్ ఎడమ చివరని 0 నుంచి 4, 5 వరకు ఎత్తితే మ్యాట్ కాగితం మీద ప్రింట్ తీసిన భావం వస్తుంది, అంతవరకు బాగుంటుంది. 20, 30 చేస్తే కొండలకి బరువు పోతుంది.

క్లారిటీ, డీహేజ్ వాడొచ్చా?

క్లారిటీ పెంచితే కొండ అంచు వెంట తెల్లటి గీత తేలుతుంది. ఫిల్మ్‌లో అది ఉండదు. మైనస్ 5 నుంచి మైనస్ 10 చేసి చూడండి. డీహేజ్ దూరపు పొగమంచుని చెరిపేసి లోతుని చంపుతుంది. నేనైతే రెండిటినీ ముట్టను.

## రంగు

చెట్లు, గడ్డి ప్లాస్టిక్‌లా మెరుస్తున్నాయి. ఫిల్మ్ ఆకుపచ్చ ఎలా వస్తుంది?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. మొదట తెలుసుకోవాల్సింది, ఆకులు మన కంటికి ఆకుపచ్చగా కనిపించినా ఎడిటర్‌కి ఎక్కువ భాగం పసుపు. గ్రీన్ స్లైడర్ ఎంత జరిపినా ఏమీ మారట్లేదంటే కారణం అదే. యెల్లో స్లైడర్ పట్టుకోండి.

పోర్ట్రా వైపు వెళ్ళాలంటే యెల్లో సాచురేషన్ 15 నుంచి 25 తగ్గించండి, ల్యూమినెన్స్ (ఆ రంగు వెలుగు) 10 తగ్గించండి, గ్రీన్ హ్యూని (రంగు ఛాయని) కొంచెం ఎడమకి, అంటే పసుపు వైపు జరపండి. పచ్చదనం కాస్త ఆలివ్ రంగులోకి దిగుతుంది. వెల్వియాకి దారి వేరు. యెల్లో హ్యూని కుడికి, ఆకుపచ్చ వైపు నెట్టి, యెల్లో, గ్రీన్ రెండిటి ల్యూమినెన్స్ 20 దాకా దించండి. సాచురేషన్ ముట్టకపోయినా ఆకు చిక్కబడుతుంది. ఎండ వెనకనుంచి పడే లేత చిగుళ్ళని మాత్రం మాస్క్‌తో విడిచిపెట్టండి, అవి ఫిల్మ్‌లోనూ మెరిసేవే.

వెల్వియా అంత గాఢమైన రంగు కావాలి, కానీ సాచురేషన్ పెంచితే చవకబారుగా ఉంటోంది. ఎలా?

స్లైడ్‌లో రంగంటే కాంతికి అడ్డం పడే సయాన్, మెజెంటా, పసుపు డైలు. నీళ్ళలో రంగు బిళ్ళ కలిపినట్టే, ఎంత ఎక్కువ కలిపితే నీళ్ళు అంత చిక్కగానూ, అంత ముదురుగానూ అవుతాయి. కాబట్టి ఏ రంగు సాచురేషన్ పెంచినా దాని ల్యూమినెన్స్ కూడా తగ్గించండి. ఎర్రమట్టికి రెడ్ సాచురేషన్ ప్లస్ 10 ఇస్తే ల్యూమినెన్స్ మైనస్ 10 ఇవ్వండి. లైట్‌రూమ్ క్యాలిబ్రేషన్ ప్యానెల్లో బ్లూ ప్రైమరీ సాచురేషన్‌ని ప్లస్ 15, 20 చేయడం ఇంకో మంచి దారి. అన్ని రంగులూ కలిసి చిక్కబడతాయి. మొత్తం సాచురేషన్ స్లైడర్‌ని సున్నా దగ్గరే ఉంచండి, కుదిరితే రెండు మూడు తగ్గించండి.

నీలాకాశం ఊదాగా మారుతోంది. ఎందుకు?

నీలం సాచురేషన్ పెంచి, ల్యూమినెన్స్ మరీ దించడం వల్ల. బ్లూ హ్యూని 5 నుంచి 10 ఎడమకి, సయాన్ వైపు జరపండి. వెలుగు ఎక్కువిచ్చి తీసిన పోర్ట్రా చాలా స్కాన్లలో ఆకాశం లేత సయాన్‌గా ఉంటుంది, కాబట్టి ఈ దిశ సరైనదే. గాలిలో మంచు లేని ఎత్తైన చోట్ల ఆకాశం నిజంగానే ముదురు నీలం. దాన్ని అలాగే ఉండనివ్వండి.

కలర్ గ్రేడింగ్ చక్రాలు వాడాలా, ఛానల్ కర్వ్‌లు వాడాలా?

నా ఓటు ఛానల్ కర్వ్‌లకి. ఫిల్మ్‌లో మూడు రంగుల పొరలకీ వేర్వేరు వంపులున్నాయి, అవి ఎక్కడా పూర్తిగా సమాంతరంగా ఉండవు. అందుకే నీడల్లో ఒక రంగు, వెలుగులో ఇంకో రంగు తొంగిచూస్తుంది. బ్లూ ఛానల్లో నీడల దగ్గర చుక్కని రెండు మూడు పైకి, హైలైట్ దగ్గర చుక్కని రెండు మూడు కిందకి జరపండి. నీడలు చల్లగా, వెలుగు వెచ్చగా అవుతుంది. మార్పు ఆన్, ఆఫ్ చేస్తేనే తెలిసేంత ఉండాలి; చూడగానే తెలిస్తే ఎక్కువైనట్టు.

## గ్రెయిన్, పదును, కాంతి వలయాలు

గ్రెయిన్ ఎంత వేయాలి?

ఏ సైజు ఫిల్మ్‌ని అనుకరిస్తున్నారో దాన్నిబట్టి. 35 ఎంఎం ఫ్రేమ్ 24×36 మిల్లీమీటర్లే, కాబట్టి పెద్దది చేసినప్పుడు గ్రెయిన్ బాగా కనిపిస్తుంది. 120 ఫిల్మ్ మీద 6×7 సెంటీమీటర్ల ఫ్రేమ్‌లో చాలా తక్కువ. 4×5 అంగుళాల షీట్ మీద వెల్వియా 50 అయితే మామూలు ప్రింట్‌లో కనిపించదనే చెప్పొచ్చు, కాబట్టి దానికి గ్రెయిన్ వేయడమే తప్పు.

లైట్‌రూమ్‌లో 35 ఎంఎం పోర్ట్రా 400కి అమౌంట్ 20, సైజ్ 25, రఫ్‌నెస్ 45 దగ్గర మొదలుపెట్టండి. ఆకాశం లాంటి నున్నటి చోట చూసి నిర్ణయించండి. గట్టి నలుపులో, పూర్తి తెలుపులో గ్రెయిన్ పెద్దగా కనిపించకూడదు. సమానంగా అంతటా పరిచేస్తే డిజిటల్ నాయిస్‌లా ఉంటుంది. గ్రెయిన్‌కి రంగు చుక్కలు కలపొద్దు.

గ్రెయిన్ వేశాను, ఆన్‌లైన్‌లో పెట్టగానే మాయమైంది లేదా ముద్దలయింది. ఎందుకు?

పెద్ద ఫైల్ మీద వేసిన గ్రెయిన్ సైజు తగ్గించగానే సగటులో కలిసిపోతుంది. మిగిలింది కంప్రెషన్ నలిపేస్తుంది. ముందు చివరి సైజుకి తగ్గించి, అప్పుడు గ్రెయిన్ వేసి, ఎక్కువ క్వాలిటీలో సేవ్ చేయండి.

షార్పెనింగ్ సంగతేంటి?

తగ్గించండి. ఫిల్మ్‌లో సన్నటి వివరాలు క్రమంగా మెత్తబడతాయి, అంచుల చుట్టూ గీతలు రావు. మొదటి షార్పెనింగ్ 15, 20 చాలు, టెక్స్చర్ మైనస్ 10.

ఎర్రటి వలయాలు, అదే హేలేషన్, ల్యాండ్‌స్కేప్‌కి వేయాలా?

చాలావరకు అక్కర్లేదు. బలమైన వెలుగు ఫిల్మ్ పొరల్ని దాటి, అడుగు బేస్‌కి తగిలి వెనక్కి వచ్చినప్పుడు అడుగున ఉన్న ఎరుపు పొర మళ్ళీ ఎక్స్‌పోజ్ అవుతుంది, అందుకే ఆ వలయం ఎర్రగా ఉంటుంది. దాన్ని ఆపడానికే ఫిల్మ్‌లో ప్రత్యేకమైన పొర ఉంటుంది. సినీస్టిల్ 800టీలో వలయాలు అంత బలంగా రావడానికి కారణం, సినిమా ఫిల్మ్ వెనక ఉండే రెమ్‌జెట్ అనే నల్లపొరని తీసేసి అమ్మడం. కొమ్మల మధ్య నుంచి సూర్యుడు పొడుచుకొస్తున్న ఫోటోలో సన్నగా వేస్తే బాగుంటుంది. పగటి కొండల మీద వేస్తే అబద్ధంలా ఉంటుంది. ధూళి, గీతలు, లైట్ లీక్ బొమ్మలు అతికించడం కూడా వద్దు. వాటిని తప్పించడానికే ఫిల్మ్ వాళ్ళు అంత శ్రమపడ్డారు.

## బ్లాక్ అండ్ వైట్

సాచురేషన్ సున్నా చేస్తే చాలా?

అది చేస్తే ఆకాశం, ఆకులు, రాళ్ళు అన్నీ ఒకే బూడిదలో కలిసిపోతాయి. ట్రై-ఎక్స్ 400, ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్, ఎఫ్‌పీ4 ప్లస్ మీద ల్యాండ్‌స్కేప్ తీసేవాళ్ళు లెన్స్ ముందు పసుపు, నారింజ లేదా ఎరుపు ఫిల్టర్ పెట్టేవాళ్ళు. ఎడిటర్‌లో బ్లాక్ అండ్ వైట్ మిక్స్ ఆ పని చేస్తుంది. పసుపు ఫిల్టర్‌కి బ్లూ మైనస్ 20, నారింజకి మైనస్ 35 దగ్గర చూడండి. ఎరుపు ఫిల్టర్‌కి బ్లూ మైనస్ 60, ఆక్వా మైనస్ 40, రెడ్ ప్లస్ 30. ఆకాశం దాదాపు నల్లబడి మబ్బులు ముందుకి దూకుతాయి. బ్లూని మరీ లాగితే ఆకాశంలో నాయిస్, చెట్ల అంచుల్లో తెల్లటి గీత వస్తాయి, వంద శాతం జూమ్‌లో చూసుకోండి. 19వ శతాబ్దపు ఫోటోల తెల్లటి ఆకాశం కావాలంటే దీనికి తలకిందులుగా బ్లూ పెంచి రెడ్ దించండి. అప్పటి ప్లేట్లకి నీలం బాగా తెలిసేది, ఎరుపు కనిపించేదే కాదు.

## చివరి పనులు

నా స్క్రీన్ మీద బాగుంది, వేరే చోట చీకటిగా ఉంది. తప్పు ఎక్కడ?

మీ మానిటర్ వెలుతురు ఎక్కువై ఉంటుంది. 6500 కెల్విన్, చదరపు మీటరుకి 100 నుంచి 120 క్యాండెలాల (వెలుతురు కొలత) దగ్గర క్యాలిబ్రేట్ చేయండి. ప్రింట్‌కైతే ఇంకా తగ్గించొచ్చు. ఎడిటింగ్ 16-బిట్‌లో చేసి, వెబ్ కోసం ఎస్‌ఆర్‌జీబీ రంగుల పరిధిలో పంపండి. గాఢమైన ఆకుపచ్చలు ప్రింట్‌లో చప్పబడతాయి కాబట్టి ముందు సాఫ్ట్ ప్రూఫ్ (ప్రింట్ ఎలా వస్తుందో స్క్రీన్ మీదే చూపేది) చూడండి.

ఒక సిరీస్ మొత్తానికి ఒకే రూపం ఎలా తేవాలి?

కర్వ్, రంగులు, గ్రెయిన్ అన్ని ఫోటోలకీ ఒకటే ఉంచండి. ఎక్స్‌పోజర్ ఒక్కటే ఫోటోకి ఫోటోకి మార్చండి. ఫిల్మ్ రోల్‌లో కూడా అంతే కదా, అన్ని ఫ్రేములూ ఒకే ఎమల్షన్ (కాంతిని పట్టే పొర), ఒకే డెవలపింగ్. తర్వాత అన్నిటినీ చిన్న థంబ్‌నెయిళ్ళుగా పక్కపక్కన పెట్టండి. వేరుగా నిలబడేది ఏదో కన్ను వెంటనే పట్టేస్తుంది. దాన్ని లాగి మిగతావాటికి సరిపెట్టే కంటే సిరీస్‌లోంచి తీసేయడమే మంచిది.

ఇలా ఎడిట్ చేసిన ఫోటోని ఫిల్మ్ ఫోటో అని పెట్టొచ్చా?

పెట్టకూడదు. "డిజిటల్, వెల్వియా నమూనాగా ఎడిట్ చేసింది" అని రాయండి. ఫిల్మ్ విభాగం ఉన్న పోటీలు నెగెటివ్ లేదా స్లైడ్ అడగొచ్చు, అప్పుడు చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. అలా రాయడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది: నిజంగా వెల్వియా మీద తీసేవాళ్ళు చూసి, ఏ రంగు ఎక్కడ తప్పిందో మీకు చెప్తారు.